చీటీలో లేనివి

2017వ సంవత్సరం. మృగశిర కార్తె ప్రవేశించి ఐదు రోజులైనా ఆకాశంలో మబ్బు తునక లేదు. విత్తనం వేరుశనగ సంచుల మూతులు విప్పకుండానే ఊళ్ళన్నీ ఎదురుచూస్తున్నాయి. పెన్నకు దక్షిణాన, ఓ రాళ్ళగుట్ట కింద ఉన్న అచల గురుపరంపర మఠంలో దస్తగిరి అనే శిష్యుడు మాత్రం వాన సంగతి మరిచిపోయి కంప్యూటర్ల సంగతి ఆలోచిస్తున్నాడు.

మఠం అంటే పెద్దదేం కాదు. రెండు గదులు, ముందు వసారా, వెనక వంటకొట్టం. గురువు ఓబుళయ్య స్వామికి డెబ్బై ఆరేళ్ళు. ఒకప్పుడు ఆ గుట్టలోనే రాళ్ళు కొట్టి బతికిన మనిషి. ముప్పై ఏళ్ళు దాటాక రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్నారు. అట్లా వచ్చిన చదువు కాబట్టి అక్షరమంటే ఆయనకు కొంచెం భయం, ఎక్కువ ప్రేమ.

దస్తగిరి దూదేకుల ఇంటివాడు. బెంగుళూరులో నాలుగేళ్ళు కంప్యూటరు ఉద్యోగం చేశాడు. అది విడిచిపెట్టి నిరుడు మఠానికి వచ్చి ఉండిపోయాడు. తత్వాలు టైపు చేయడం, చిన్న పుస్తకాలను అచ్చుకు తయారుచేయడం అతని పని.

మఠంలో కంప్యూటర్లు మూడున్నాయి. పుస్తకాల గదిలో ఒకటి, స్వామి గదిలో ఒక పాతది, దస్తగిరి సొంత ల్యాప్‌టాప్ ఒకటి. మూడూ మూడు తీర్లు. ఒకదాంట్లో అక్షరాలు లావు, ఒకదాంట్లో సన్నం. ఒకదాంట్లో ఒక మీట నొక్కితే వచ్చే ఒత్తు ఇంకోదాంట్లో ఇంకెక్కడో ఉంటుంది. ఉగాది ముందు పుస్తకాల గదిలోది చెడిపోయింది. బాగుచేయించి తెచ్చాక, దాన్ని మళ్ళీ మునుపటిలా అమర్చుకోవడానికి దస్తగిరికి తొమ్మిది రోజులు పట్టింది. ఎక్కడ ఏం మార్చుకున్నాడో అతనికే గుర్తులేదు. నాలుగేళ్ళు అదే పనిచేసి వచ్చినవాడికి అది నామోషీగా ఉండింది.

అప్పుడు అతనికి ఒక కొత్త సాధనం సంగతి తెలిసింది. ఎవరో పుణ్యాత్ములు తయారుచేసి ఉచితంగా పెట్టారు. కంప్యూటరు ఎట్లా ఉండాలో ఒక ఫైలులో రాసిపెట్టుకుంటే చాలు, ఆ సాధనం అది చదివి కంప్యూటరును అట్లాగే తయారుచేస్తుంది. దస్తగిరి ముందు తన ల్యాప్‌టాప్ మీద పది రోజులు పరీక్ష చేశాడు. రెండుసార్లు అంతా చెరిపేసి మళ్ళీ కట్టాడు. రెండుసార్లూ పది నిమిషాల్లో, వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చింది. పుస్తకాల గదిలోది చేశాడు. అదీ వచ్చింది. ఇక మిగిలింది స్వామిది.

స్వామి వసారాలో కూర్చొని ఉన్నారు.

“సామీ, మీ గది కంప్యూటరు కూడా సర్దుతాను. ఒక్క పూట ఇయ్యండి.”

“దానికేమైంది?”

“ఏం కాలేదు. అయినప్పుడు పనికొస్తాదని.”

“మనిషి బతికుండంగానే పాడె కట్టి గోడకు ఆనిచ్చి పెడతానంటావు.”

దస్తగిరి నవ్వాడు. “అట్ల కాదు సామీ. ఒక చీటీ ఉంటాది అనుకోండి. కంప్యూటరు ఎట్లుండాలో అందులో రాస్తాము. అక్షరం ఎంత లావు, ఏ మీటకు ఏ అక్షరం, ఏమేం సాఫ్ట్‌వేర్లు, అన్నీ. అది ఆ చీటీ చదువుకోని అట్లే చేస్తాది. రేపు పిడుగుపడి ఇది కాలిపోయినా, కొత్తది తెచ్చి చీటీ చూపిస్తే మళ్ళా ఇదే.”

“మళ్ళా ఇదేనా?”

“అచ్చం ఇదే.”

స్వామి గడ్డం గోక్కున్నారు. “చీటీలో రాయంది?”

“అది ఉండదు సామీ. అదే దాంట్లో మంచి. ఏండ్ల తరబడి పేరుకున్న చెత్తంతా పోతాది. తప్పు జరిగినా భయం లేదు. వెనక్కి పొమ్మంటే వెనక్కి పోతాది.”

“చీటీ ఎవరు రాస్తారు?”

“నేనే సామీ.”

“సరేప్పా. నీ పని నువ్వు చెయ్యి” అన్నారు స్వామి.

వంట చూసే సుంకమ్మ చేటలో కందులు చెరుగుతూ ఇదంతా వింటోంది. దస్తగిరి పుట్టకముందే స్వామి దగ్గర ఉపదేశం తీసుకున్న మనిషి. నోరు పదును.

“ఏమప్పా దస్తగిరీ, బెంగుళూరంతా ఊడ్చి, ఇప్పుడు సామి గదికి వచ్చినావా?”

“ఊడిస్తే శుభ్రమేగదక్కా.”

“మా అవ్వ కసువు ఊడిస్తే చేటకెత్తి, ఒకసారి వేళ్ళతో కెలికి చూసి, ఆమైన పారేసేది. ఒకసారి మా చిన్నత్త ముక్కుపుల్ల దొరికింది అందులో.”

“కంప్యూటర్లో ముక్కుపుల్లలు ఉండవులేక్కా.”

“నాకేం తెలుస్తాది నాయనా” అంది సుంకమ్మ, కందులు చెరుగుతూనే.

ఆ పూట దస్తగిరి స్వామి గదిలో కూర్చున్నాడు. చీటీ ముందే రాసి ఉంది. స్వామి కళ్ళకు సరిపోయేలా లావు అక్షరం, ఆయనకు అలవాటైన మీటల వరస, తత్వాల ఫైళ్ళు ఉన్న చోటు, తెర వెనక గుట్ట బొమ్మ. స్వామి కంప్యూటరు వాడుతుండగా తాను చూసినవన్నీ గుర్తుచేసుకొని రాశాడు. ఒక్కటి కూడా విడవలేదని అతని నమ్మకం.

సాధనం పని మొదలుపెట్టి మధ్యలో ఒకచోట ఆగింది. చీటీలో లేని ఫైళ్ళు ఇక్కడ కొన్ని ఉన్నాయి, వీటిని ఏం చేయమంటారు అని అడిగింది. కింద పేర్లు ఇచ్చింది. నలభై ఆరు. దస్తగిరి మొదటి ఐదు చదివాడు. ఐదూ ఎప్పుడో తీసేసిన సాఫ్ట్‌వేర్ల తాలూకు మిగులు. ఆరోది చదవలేదు. నలభై ఆరూ చదవడానికి రెండు నిమిషాలు పట్టి ఉండేది.

అన్నీ తీసేయమన్నాడు.

పని అయిపోయింది. తెర మీద గుట్ట బొమ్మ వచ్చింది. అక్షరాలు లావుగా, నల్లగా, ముద్దుగా ఉన్నాయి. కంప్యూటరు మునుపటికన్నా చురుగ్గా కదులుతోంది. స్వామి వచ్చి చూసి, “కొత్తగా సున్నం కొట్టినట్టుంది” అన్నారు. దస్తగిరికి ఆ రోజు అన్నం రుచిగా ఉంది.

ఇక్కడ స్వామి అలవాటొకటి చెప్పాలి.

బేస్తవారం బేస్తవారం మఠానికి చుట్టుపక్కల ఊళ్ళ ముసలివాళ్ళు వచ్చేవాళ్ళు. తత్వాలు పాడేవాళ్ళు, పాడాక ఊరికే కూర్చొని మాట్లాడుకునేవాళ్ళు. గొర్రెలు కాసినవాళ్ళు, ఎద్దులతో బావినీళ్ళు తోడే కపిల తోలినవాళ్ళు, కంబళ్ళు నేసినవాళ్ళు, మంత్రసాని పని చేసిన అవ్వలు. వాళ్ళ నోట ఇప్పుడు ఎవరూ వాడని మాట ఏదైనా వస్తే స్వామి చెవి అక్కడ ఆగేది. గొర్రెపిల్లను తల్లి దగ్గరికి రానీయకపోతే దానికో మాట. వాన పడి పైమన్ను మాత్రమే తడిస్తే దానికో మాట. కపిలబావి దగ్గర ఎద్దులు వెనక్కి నడిచే వాలుకో మాట.

మొదట ఆయన వాటిని నోటుబుక్కుల్లో రాసుకున్నారు. 2008లో చెదలు మూడు నోటుబుక్కులను తినేశాయి. ఆ మరుసటి ఏడు, అప్పటికి డిగ్రీ చదువుతున్న దస్తగిరి సెలవుల్లో మఠానికి వచ్చి స్వామికి కంప్యూటరు నేర్పాడు. స్వామి ఒక మాట కొట్టగానే దాని కింద ఎర్రగీత పడింది.

“ఇదేంటికి ఎర్రబడె?”

“ఆ మాట దానికి తెలీదు సామీ. ఇట్ల మౌసు కుడి మీట నొక్కి, ‘చేర్చు’ అనండి. నేర్చుకుంటాది.”

గీత పోయింది. దస్తగిరి ఆ సెలవులయ్యాక వెళ్ళిపోయాడు. ఆ మాట చెప్పిన సంగతే మరిచిపోయాడు.

స్వామి మరిచిపోలేదు. ఎనిమిదేళ్ళు ఆయన ఆ పని చేశారు. బేస్తవారం సాయంత్రం ముసలివాళ్ళు వెళ్ళాక లోపలికి పోయి, ఖాళీ పేజీ తెరిచి, ఆ రోజు విన్న మాటను ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టేవారు. ఎర్రగీత పడేది. “నీకు తెలీదులే. నేర్చుకో” అని కుడి మీట నొక్కేవారు. గీత పోయేది. పేజీని దాచకుండానే మూసేసేవారు. ఆయనకది పలక. మాట నేర్పాక పలక తుడిచేయడమే కదా. నేర్పింది నేర్చుకున్నవాడి దగ్గర ఉంటుంది. చెదలు పట్టవు.

ఈ సంగతి ఆయన ఎవరికీ విడమరిచి చెప్పలేదు. చెప్పాల్సినంత సంగతి అనుకోలేదు. కంప్యూటరు ఉన్నది అందుకేనని, అందరూ అట్లాగే వాడతారని అనుకున్నారు.

దస్తగిరి సర్దిన మరుసటి రోజు స్వామి తాడిపత్రి వైపు ఉన్న ఒక గురువుకు జాబు రాస్తున్నారు. జాబులో ఆరు మాటలు ఎర్రబడ్డాయి. ఆరూ తాను నేర్పినవేనని ఆయనకు తోచింది. కాని కచ్చితంగా చెప్పలేకపోయారు. వయసు మీద పడింది. నేర్పాననుకొని నేర్పలేదేమో. ఆరింటినీ మళ్ళీ నేర్పారు.

రెండో రోజు ఇంకో నాలుగు. మూడో రోజు తొమ్మిది. ఆ మూడు రోజులూ ఆయన ఎవరితోనూ ఎక్కువ మాట్లాడలేదు. సుంకమ్మ ఒకసారి, “ఏం సామీ, కడుపులో బాగలేదా?” అని అడిగింది. “తలలో బాగలేదమ్మా. నేను చేసినవనుకున్న పనులు చేయలేదేమోనని అనుమానంగా ఉంది” అన్నారు.

నాలుగో రోజు బేస్తవారం. గొర్రెలు కాసిన ఎనభై ఏళ్ళ ఎర్రక్క వచ్చి కూర్చొని, మాటల్లో ఒక మాట అంది. స్వామి లేచి లోపలికి పోయి అది కొట్టారు. ఎర్రబడింది. ఆ మాటను ఆయన పోయిన ఉగాది నాడు, ఇదే ఎర్రక్క వసారాలో ఉండగా నేర్పారు. దానికి సాక్షి ఉంది. బయటికి వచ్చి, “ఎర్రక్కా, ఈ మాట నువ్వు నాకు ఉగాదికి చెప్పలేదూ?” అని అడిగారు.

“చెప్పినాను గదా సామీ. నువ్వు లోపలికి పోయి ఆ పెట్టెకు చెప్పొస్తానంటివి.”

స్వామి దస్తగిరిని పిలిచారు.

“అప్పా, దీనికి నేను నేర్పినవన్నీ మరిచిపోయింది. దీనికీ వయసైందా?”

దస్తగిరికి ముందు అర్థం కాలేదు. “ఏం నేర్పినారు సామీ?”

స్వామి చూపించారు. ఒక మాట కొట్టి, కుడి మీట నొక్కి, ‘చేర్చు’ అన్నారు. “ఇట్ల. ఎనిమిదేండ్లుగా. నువ్వే గదా చూపించినావు.”

దస్తగిరి కుర్చీలో కూర్చున్నాడు. సాధనం తాను చేసిన పనులన్నీ ఒకచోట రాసిపెట్టుకుంటుంది. అది తెరిచాడు. తీసేసిన నలభై ఆరు పేర్లు వరసగా ఉన్నాయి. ముప్పై ఒకటోది చేర్చిన మాటల ఫైలు.

వెనక్కి పొమ్మన్నాడు. సాధనం వెనక్కి పోయింది. తాను మొట్టమొదట ఈ కంప్యూటరును తయారుచేసిన ఘడియ దాకా పోయి అక్కడ ఆగిపోయింది. అంతకు ముందు ఏముండేదో దానికి తెలియదు. తన పుట్టుక ముందటి సంగతి ఏ పిల్లవాడికీ తెలియనట్టే.

మరుసటి రోజు కంప్యూటరును గోనెసంచిలో చుట్టి, బస్సులో అనంతపురం తీసుకుపోయాడు. పోయిన ఫైళ్ళను వెతికి తీసే మనిషి ఒకతను ఉన్నాడని విని అతని దగ్గర పెట్టాడు. అతను పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చూశాడు.

“ఎప్పుడు పోయిందన్నా?”

“ఐదు రోజులాయె.”

“ఈ ఐదు రోజులూ వాడినారా?”

“వాడినారు.”

“అదే తప్పు. ఖాళీ అయిన చోట వేరేది కూర్చున్నాది. ఇంకేం రాదు.” అతను డబ్బు కూడా తీసుకోలేదు.

దస్తగిరి తిరిగి వచ్చేసరికి స్వామి గదిలోనే ఉన్నారు. కంప్యూటరును మేజా మీద పెట్టి, తీగలు తగిలించి, నిలబడ్డాడు. ఏదైనా అంటారేమోనని చూశాడు.

“సామీ, నాకు తెలిసినవన్నీ రాసినాను. ఒక్కటీ విడవలేదు.”

అతని గొంతులో తప్పు ఒప్పుకోవడం కొంత ఉంది, వాదన కొంత ఉంది. ఏది ఎంత అని అతనికే తెలియదు.

స్వామి తలూపారు. “వసారాలోకి పో. ఒక కాయితం తీసుకో. నా గదిలో ఏమేం ఉండాయో రాయి. లోపలికి తొంగిచూడొద్దు.”

దస్తగిరి పోయి రాశాడు. ఏడాదిగా రోజుకు పదిసార్లు వచ్చే గది. నులకమంచం, చాప, దుప్పటి రెండు, మేజా, కుర్చీ, కంప్యూటరు, తంబుర, నీళ్ళకుండ, చెంబు, గూట్లో పుస్తకాలు, చేతికర్ర, చెప్పులు, గోడకు గడియారం. గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుందని కూడా రాశాడు. ముప్పై నాలుగు వచ్చాయి. తెచ్చి చూపించాడు.

“ఇంక ఏమన్నా ఉండాయా?”

దస్తగిరి కాసేపు కళ్ళు మూసుకొని ఆలోచించాడు. “లేవు సామీ.”

“సరే. దీంట్లో లేనివి ఏమన్నా ఉంటే బయట పెట్టు.”

అతను గదిలో చుట్టూ చూశాడు. మేజా కాలి కింద ఒక రాతి పెచ్చు ఉంది. అది చీటీలో లేదు. తీశాడు. మేజా ఒక పక్కకు ఒరిగి, కంప్యూటరు జారబోతే మోచేత్తో ఆపుకున్నాడు. పడమటి కిటికీకి ఒక గోనెపట్టా కట్టి ఉంది. అది లేదు. విప్పాడు. సాయంత్రపు ఎండ నేరుగా తెర మీద, స్వామి కళ్ళలో పడింది. నీళ్ళకుండ కింద ఇసుక మూట ఉంది. తీస్తే కుండ నిలబడలేదు. దాన్ని మూలకు ఆనించాడు. తలుపు మూసుకోకుండా ఆనిచ్చే గుండురాయి ఉంది. తూములో ఎలుకలు రాకుండా కుక్కిన గుడ్డ ఉంది. మంచం పక్కన గోడకు, రాత్రి లేచినప్పుడు స్వామి పట్టుకునే తాడు ముక్క ఉంది. అది అక్కడ ఉందని దస్తగిరికి ఈ ఏడాదిలో తెలియలేదు. దాన్ని విప్పుతుంటే అతని చేతులు నెమ్మదించాయి.

సుంకమ్మ వసారాలోకి వచ్చి, కుప్పగా పెట్టిన సామాను చూసింది. “సామీ, ఇల్లు మారుతాండారా?”

“లేదమ్మా. సర్దుతాండాం.”

“సర్దేది ఇట్లనా” అంటూ ఆమె గుండురాయిని కాలితో పక్కకు జరిపింది. దస్తగిరి ముఖం చూసి మాట ఆపి, వంటకొట్టంలోకి వెళ్ళిపోయింది.

దస్తగిరి తాడుముక్కను కుప్పలో పెట్టి లోపలికి వచ్చేసరికి స్వామి మంచం మీద నుంచి లేచారు. గోడ పట్టుకొని, ద్వారబంధం పట్టుకొని, మెల్లగా బయటికి నడిచారు. చేతికర్ర లోపలే ఉంచారు. అది చీటీలో ఉంది. వసారాలో, తీసి పెట్టిన గోనెపట్టా మీద కూర్చున్నారు.

“ఏం సామీ, ఎండ పడుతోందా?”

“లేదు. చీటీ చూడు. నేను ఉండానా అందులో?”

దస్తగిరి చీటీ చూశాడు. మొదటి నుంచి చివరిదాకా చూశాడు. ఈసారి ముప్పై నాలుగూ చదివాడు.

“నువ్వూ లేవు” అన్నారు స్వామి. “రా. ఇట్ల కూర్చో.”

దస్తగిరి వచ్చి, గుండురాయి పక్కన కూర్చున్నాడు. చీటీ చేతిలోనే ఉంది. ఎదురుగా దున్నిపెట్టిన చేలు ఎండలో తెల్లగా ఉన్నాయి.

“కపిలబావి కాడ ఎద్దులు వెనక్కి నడిచే వాలు ఉంటాది గదా” అన్నారు స్వామి. “దానికో మాట ఉన్నింది. ముత్యాలప్ప చెప్పినాడు. మంచి మాట. ఎంత గింజుకున్నా రాదు. పెట్టెకు నేర్పినాను గదా అని నేను విడిచిపెట్టేసినాను. నేనూ నీకు చెప్పింటే బాగుండేది” అన్నారు.

దస్తగిరి చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“పొద్దున్నే పోదాం” అన్నారు స్వామి. “ఎవరెవరు బతికుండారో చూద్దాం.”

మరుసటి రోజు నుంచి ఇద్దరూ ఊళ్ళ వెంట పడ్డారు. దస్తగిరి స్కూటరు నడిపేవాడు. స్వామి వెనక కూర్చొని, ఎవరు ఎప్పుడు ఏ మాట చెప్పారో గుర్తు చేసుకునేవారు. చెప్పిన మనిషి గుర్తుండేవాడు, కూర్చున్న చోటు గుర్తుండేది, మాట మాత్రం వచ్చేది కాదు. దొరికిన మాటను దస్తగిరి చేత్తో రాసేవాడు. మాట, దాని అర్థం, చెప్పినవాళ్ళ పేరు, ఊరు, తేదీ. సాయంత్రం దాన్ని రెండు కంప్యూటర్లలో ఎక్కించేవాడు. ఆ కొత్త సాధనాన్ని అతను మానలేదు. అందులో తప్పేమీ లేదు. అది అడిగినప్పుడల్లా ఇచ్చిన పేర్లన్నీ చివరిదాకా చదివేవాడు, అంతే.

ముత్యాలప్ప ఇంటికి మొదటి వారంలోనే పోయారు. కోడలు మంచం వాల్చి కూర్చోబెట్టింది.

“మామ పోయి మూడేండ్లాయె సామీ. మీకు తెలీదా?”

“తెలీదమ్మా. ఆయన కపిల తోలుతాండె గదా. ఎద్దులు వెనక్కి నడిచే వాలును ఏమంటాండె?”

ఆమె చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకొని ఆలోచించింది. “నేను కాపురానికి వచ్చేలోపల మోటారు పెట్టేసినారు సామీ. ఆ బావిని కూడా పూడ్చేసినారు.”

మజ్జిగ ఇచ్చింది. తాగి లేచారు.

ఆ ఏడు వాన ఆరుద్రకు పడింది. ఎర్రక్క ఉన్నన్నాళ్ళు తాను చెప్పినవన్నీ మళ్ళీ చెప్పింది. కొన్ని మొదటిసారి చెప్పినట్టు చెప్పలేదు. ఆమె ఆ చలికాలం దాటలేదు. కంబళ్ళు నేసిన ఇద్దరు అన్నదమ్ముల్లో ఒకాయనకు వినపడదు. ఇంకొకాయన కూతురి దగ్గరికి బళ్ళారి పోయాడు. దస్తగిరి బళ్ళారి పోయి వచ్చాడు. ఐదు మాటలు దొరికాయి.

ఓబుళయ్య స్వామి 2019 మాఘమాసంలో పోయారు. అప్పటికి తిరిగి రాసుకోగలిగిన మాటలు రెండు వందల పద్దెనిమిది. ఎనిమిదేళ్ళలో స్వామి నేర్పినవి మొత్తం ఎన్నో స్వామి లెక్కపెట్టుకోలేదు, తీసేసిన ఫైలులో ఎన్ని ఉన్నాయో సాధనం రాసిపెట్టలేదు. అందుచేత ఎన్ని పోయాయో దస్తగిరికి తెలియదు. కపిలబావి వాలుకు ఉన్న మాట దొరకలేదు.